నావికుని మెడమీది వ్రాత

ఎల్బే నది ఉత్తర సముద్రమును చేరుటకు ముందు వెడల్పై పారు చోట వెలసిన హాంబర్గు రేవునకు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో ప్రపంచమందలి సమస్త సముద్రముల నుండియు ఓడలు వచ్చి లంగరు వేయుచుండెడివి. ఆ ఓడలమీద ముప్పది నలువది యేండ్లు కొలువు చేసి, త్రాళ్ళు లాగి లాగి అరచేతులు కాయలు కాచిన కళాసులు ఒడ్డు చేరి విశ్రాంతి పొందవలసిన వయస్సున, వారిలో కొందరికి ముక్కు దూలముమీదనో, చెవి పై అంచుననో, క్రింది పెదవిమీదనో ఒక పక్కు లేచి, రాలి, మరల కట్టి, నెలలు గడచినను మానక, తుదకు రాచపుండుగా పరిణమించుట ఆ పట్టణపు చర్మవైద్యులలో అగ్రగణ్యుడైన పాల్ గెర్సన్ ఊనా గమనించెను. 1894లో ప్రకటించిన తన మహాగ్రంథమున ఆయన ఆ కళాసుల చర్మమును సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి వర్ణించి, దానికి ‘నావికుని చర్మము’ అని నామకరణము చేసెను. ఎండకును రాచపుండునకును గల సంబంధమును వైద్యశాస్త్రము తేటగా పలికిన తొలి సందర్భములలో అది యొకటి. ఆ సంబంధము మొదట కంటబడినది ప్రయోగశాలలో గాదు. కూటికొఱకు ఎండను తప్పించుకొనలేక పోయిన వారి మేనిమీద. ఈ విషయమును నేను మరువలేకున్నాను.

అట్టి చర్మమును దగ్గరనుండి చూచినచో వైద్యము చదువని వానికి సైతము సంగతి కొంత బోధపడును. మెడ వెనుక భాగమున చర్మము పసుపు కలిసిన గోధుమవన్నెతో దళసరియై, ఎండిన చెరువు అడుగున బంకమన్ను బీటలువారినట్లు, లోతైన గీతలు ఒండొంటిని అడ్డముగా కోయగా ఏర్పడిన పలకలు పలకలుగా కనబడును. చేతుల వెనుకప్రక్క కంటికి అంతగా ఆనని పొలుసులు వ్రేలితో తడవినప్పుడు ఉప్పుకాగితమువలె గరగరలాడును. చూపుకంటె స్పర్శకే అవి ముందు దొరకును. ఇక చొక్కా పట్టీని కొంచెము క్రిందికి జరపి చూచినచో, ఎవరో గీత గీచి ఆపినట్లు ఆ గరుకుదనము ఒక్కసారిగా ఆగిపోయి, డెబ్బదియేండ్ల వృద్ధుని వీపు బాలుని వీపువలె మెత్తగా, తెల్లగా నుండును. ఆ మెడకును ఆ వీపునకును వయస్సు ఒకటి, తిన్న తిండి యొకటి, పారు నెత్తురొకటి. నడుమ నున్న భేదమెల్ల మూరెడు గుడ్డ.

అయినను ఎండలోని ఏ గుణము ఈ కార్యము చేయుచున్నదో తేలుటకు చాలకాలము పట్టెను. మన భాషలో వెలుగును వేడిమియు కలిసి ‘ఎండ’ అను ఒక్క మాటలో ఇమిడిపోయినవి. ఎండ కాయుచున్నదన్నను, ఎండ మండుచున్నదన్నను, మనస్సులో మెదలునది ముందుగా వేడిమియే. ఐరోపావారును చిరకాలము అట్లే తలచిరి. కాని ఆ వెలుగులోను ఆ వేడిమిలోను చేరని మూడవ వస్తువొకటి సూర్యుని నుండి వచ్చుచున్నదని 1801లో జేనా పట్టణమున యోహాన్ విల్హెల్మ్ రిట్టర్ అను ఇరువదినాలుగేండ్ల యువకుడు కనిపెట్టెను. అంతకు ముందటి యేడు విలియం హెర్షెల్ ఇంద్రధనుస్సులోని ఎఱుపునకు ఆవల కంటికి కానరాని వేడిమి కలదని చూపియుండగా, రెండవ కొసకు ఆవల ఏమి కలదో చూతమని రిట్టర్ వెండి లవణము పూసిన కాగితమును గాజుపట్టకము విడదీసిన రంగుల పట్టీకి అడ్డముగా నిలిపెను. ఆ కాగితము అన్నిటికంటె త్వరగా నల్లబడినది ఊదారంగు ముగిసిన పిదప, కన్నునకు శూన్యముగా తోచు చోట. నేడు మనము అతినీలలోహిత కిరణములనునవి అవియే.

ఇరువదియేండ్లు గడువకముందే, ఆ కిరణముల ఊసు ఎత్తకయే, లండనులోని శస్త్రవైద్యుడు సర్ ఎవరార్డ్ హోమ్ చేసిన ప్రయోగ మొకటి నాకు మిక్కిలి ప్రియమైనది. అందు ఉపకరణములు రెండు చేతులు, ఒక నల్లగుడ్డ, ఉష్ణమాపకములు మాత్రమే. 1820లో ఆయన తన చేతులను ఎండలో చాచి, ఒకదానిని నల్లగుడ్డతో కప్పి, రెండవదానిని వట్టిగా వదలి కూర్చుండెను. నలుపు వేడిని పీల్చుకొనును గనుక గుడ్డ క్రిందనే పాదరసము పైకెగబ్రాకెను. కాని బొబ్బలెక్కినది గుడ్డ లేని చెయ్యి! వేడి హెచ్చైన చెయ్యి చల్లగా బయటపడి, వేడి తక్కువైన చెయ్యి కమలిపోయిన ఈ వింతనుండి ఆయన నల్లనివారి చర్మమందలి నలుపు వారికి కవచమని గ్రహించెను. కమలించునది వేడిమి కాదని, రిట్టర్ చూపిన కిరణములే యని తేల్చిచెప్పినవాడు స్టాక్‌హోమ్ పండితుడైన విడ్‌మార్క్, అది 1889లో. ఊనా కలము పట్టునాటికి సామగ్రి యంతయు సిద్ధమై యుండెను.

వియన్నాలో మోరిజ్ కపోజీ 1870 దశకమున ఒక దారుణమైన వ్యాధిని వర్ణించి యుండెను. పుట్టిన కొలది మాసములకే కొందరు పసిబిడ్డలకు ఎండసోకిన చోటులెల్ల కమలి, పుటపుట మచ్చలు లేచి, చర్మము తోలుకాగితమువలె ఎండి, ఓడలమీద నలువదియేండ్లు గడపిన కళాసికి కలుగవలసిన పుండ్లు బడికి పోవు వయస్సుననే కలుగుచుండెను. ఆ వ్యాధికి జిరోడెర్మా పిగ్మెంటోసం అని పేరు. నావికుని చర్మమున నలువది సంవత్సరములలో జరుగు కథ ఆ బిడ్డల చర్మమున నాలుగైదు సంవత్సరములలో జరిగిపోవుచున్నదని పోల్చుకొన్నవారు తరువాతి వైద్యులు. చికాగోలో జేమ్స్ నెవిన్స్ హైడ్ 1906లో వ్రాసిన వ్యాసమున ఈ బిడ్డలను, నల్లజాతివారిలో చర్మపు రాచపుండు అరుదగుటను ప్రక్కప్రక్కన పెట్టి, వెలుగే దోషియని వాదించెను. ఫ్రాన్సులో బోర్డో నగరపు విలియం దుబ్రేయ్ చూపు మరియొక వైపునకు పోయెను. ఆ నగరము చుట్టును ద్రాక్షతోటలు. తీగలు నడుమెత్తు మాత్రమే పెరుగును గనుక కత్తిరించువాడును, కట్టువాడును, కాయ కోయువాడును వంగి పనిచేయక తప్పదు. వంగిన మనిషి మెడ ఆకాశమునకు ఎదురుగా నుండును. తోటలలో పనిచేయు పల్లీయుల ముఖములమీదను చేతులమీదను తఱచుగా కానవచ్చు పుండ్లు, అదే నీరు త్రాగి అదే ద్రాక్షాసవము సేవించు నగరవాసులలో అరుదుగా నుండుట చూచి, 1907 నాటికి ఆయన దీనికి మూలము సూర్యుడని నిర్ధారించెను.

ఇంత తెలిసిన పిదప లోకము ఎండకు వెఱచియుండవలసినది. జరిగినది సరిగా తలక్రిందులు.

రాజాంతఃపురముల స్త్రీలకు ‘అసూర్యంపశ్యలు’ అని మన కావ్యములలో పేరు కలదు; సూర్యుని సైతము చూచి యెరుగనివారని అర్థము. ‘ఎండకన్నెరుగని’ అని తెలుగున నేటికిని అందుము. ఐరోపాలోను అంతే, పొలములో వంగినవాని మెడ నల్లనిది, మేడలో కూర్చున్నదాని మెడ తెల్లనిది, తెలుపు సంపదకు గుర్తు. కాని మిల్లులు, గనులు లేచి పేదవాని పని పొలమునుండి చీకటి కొట్టములలోనికి మారగా, పాలిపోయిన ముఖము దారిద్ర్యమునకు చిహ్నమై, సముద్రతీరమున సెలవులు గడపి తేనెవన్నె తేలి వచ్చిన ముఖము సంపదకు చిహ్నమయ్యెను. దీనికి వైద్యుల ఆశీర్వాదమును తోడయ్యెను. ఫారో ద్వీపములలో పుట్టిన నీల్స్ ఫిన్సెన్ కోపెన్‌హేగన్‌లో విద్యుద్దీపకాంతిని స్ఫటికశిలా కటకములగుండ ప్రసరింపజేసి, ముఖమును తినివేయు చర్మక్షయను మాన్పి 1903లో నోబెల్ బహుమానము పొందెను. ఆ మరుసటి యేడే తన నలువదిమూడవ యేట తానే రోగపీడితుడై మరణించిన ఆ మహనీయుని తలచినపుడు నా మనస్సు ఆర్ద్రమగును. ఆ 1903లోనే స్విట్జర్లండు కొండలలో లేజాన్ అను చోట ఆగస్ట్ రోలియే క్షయరోగులను వసారాలలో ఎండకు పరుండబెట్టు వైద్యశాల తెరచెను. 1919లో బెర్లినునందు హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు దొడ్డికాళ్ళు పడిన రికెట్సు పిల్లలను అతినీలలోహిత దీపము క్రింద ఉంచి ఎముకలు గట్టిపడునట్లు చేసెను. ఇవన్నియు సత్యములే. సూర్యశతకము రచించి మయూరకవి కుష్ఠు బాపుకొనెనని చెప్పుకొను మనకు, రథసప్తమినాడు జిల్లేడాకులు తలపై భుజములపై నుంచుకొని స్నానము చేయు మనకు, సూర్యుడు ఆరోగ్యప్రదాత యనుట క్రొత్త గాదు. ఏ కిరణము ఎముకను నిలుపునో ఆ కిరణమే చర్మకణమును చెరచుననుటయే ఇందలి చిక్కు. అది తెలియు వఱకు లక్షలమంది తీరముల వెంబడి పరుండి తమ మేనులను కాల్చుకొనిరి. రోగులకు పెట్టిన మితము ఆరోగ్యవంతులకు ఎవరును పెట్టలేదు.

ప్రయోగము మాత్రము ఆగలేదు. 1928లో ఫిండ్లే అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు తెల్లని ఎలుకలను నెలల తరబడి పాదరస దీపమునకు ఎదురుగా నుంచి వాటి చర్మమున కణితులు పుట్టునట్లు చేసెను. బ్వేనోస్ ఐరిస్‌లో ఆంఖెల్ రోఫో దీపముతో పనిలేకుండ 1930 దశకమున ఎలుకలను నిజమైన ఎండలోనే యుంచెను. వెండ్రుకలు లేని చెవులమీద కణితులు లేచినవి. ఆ ఎండనే కిటికీ అద్దముగుండ ప్రసరింపజేసినపుడు కణితులు లేవలేదు. అద్దము వెలుగును ఆపదు, వేడిని పూర్తిగా ఆపదు. హెచ్చు శక్తిగల అతినీలలోహిత కిరణములను మాత్రము ఆపును. హోమ్ నల్లగుడ్డతో అడిగిన ప్రశ్నకు నూటపదియేండ్లకు పిదప అద్దపు పలక ఉత్తరము చెప్పెను.

ఆ కిరణము కణములో ఏమి చేయునో తెలియుటకు మఱి ముప్పదియేండ్లు పట్టెను. ప్రతి కణములోను వంశసూత్రమైన డి.ఎన్.ఎ. నాలుగు మూలద్రవ్యముల వరుసగా పేనబడియుండును. వానిలో థైమిన్, సైటోసిన్ అనునవి ప్రక్కప్రక్కన ఉన్నచోట అతినీలలోహిత కిరణము పడినచో, దండలో రెండు పూసలు కరిగి ఒకదానికొకటి అతుకుకొనినట్లు అవి బంధింపబడును. 1960లో హాలండు శాస్త్రజ్ఞులు గడ్డకట్టించిన థైమిన్ ద్రావణమున ఈ అతుకును కనిపెట్టిరి. మనము ఎండలో నడచిన ప్రతిదినమును మన చర్మమున ఇట్టి అతుకులు అసంఖ్యాకముగా పడుచునేయుండును. వానిని కత్తిరించి, చెడినంత మేర తీసివేసి, క్రొత్త ముక్క కుట్టు పనివాండ్రు కణములోనే యుందురు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ క్లీవర్, కపోజీ వర్ణించిన ఆ బిడ్డల చర్మకణములలో ఈ మరమ్మతే జరుగుటలేదని చూపగా, వియన్నాలో దాదాపు నూఱేండ్లకు ముందు కనబడిన వింతకు కారణము విశదమయ్యెను. కుట్టకుండ మిగిలిన చినుగు కణము విభజన చెందునపుడు తప్పుడు నకలై స్థిరపడిపోవును. కణములు హద్దుమీరి పెరుగకుండ కావలికాయు పి53 అను జన్యువున ఇట్టి తప్పు పడినచో కావలి పోయినట్లే. 1991లో యేల్ విశ్వవిద్యాలయమున డగ్లస్ బ్రాష్ బృందము పరీక్షించిన 24 చర్మకణితులలో 14 కణితులయందు ఈ జన్యువు చెడియుండెను. కొన్నిటిలో జంట సైటోసిన్‌లకు బదులు జంట థైమిన్‌లు చేరియుండెను. ఆ మార్పు ఎండ చేసిన చేవ్రాలు. పొగాకు గాని, పొగ గాని సాధారణముగా అట్లు వ్రాయవు. ఊనా మెడమీద చూచిన వ్రాత అక్షరము అక్షరముగా చదువుటకు వచ్చెను.

ఇక్కడ మన దేశపు మాట కొంత చెప్పుకొనవలయును. రోహిణీకార్తెలో రోళ్ళు పగులు ఎండలో దుక్కిదున్ను మన రైతునకు ఈ వ్యాధి ఏల అరుదు? మన చర్మపు అట్టడుగు వరుసలో పుట్టు నల్లని రేణువులు ప్రతి కణములోను కేంద్రమునకు పైభాగముననే చేరి, అక్షరాల గొడుగు పట్టినట్లు డి.ఎన్.ఎ.ను కప్పియుంచును. కావుననే మన దేశమున పూర్వము ప్రసిద్ధికెక్కిన చర్మపు రాచపుండ్లు ఎండవి గావు. కాశ్మీరమున చలికి అంగరకా క్రింద కడుపునకు ఆనించి పట్టుకొను నిప్పుకుండ కాంగ్డీ వలన పుట్టు రాచపుండును 1866లోనే ఎల్మ్‌స్లీ అను వైద్యుడు లోకమునకు తెలిపెను; నడుము చుట్టు ఏండ్ల తరబడి బిగించి కట్టిన ధోవతి ఒరిపిడివలన కలుగునది మరియొకటి. ఈ నలుపు ఏల ఏర్పడినదనుటకు 1978లో బ్రాండా, ఈటన్ అను ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు చూపిన కారణమునందు మన తెలుగువాని ప్రసక్తి కలదు. గర్భస్థ శిశువు సవ్యముగా ఎదుగుటకు అత్యావశ్యకమైన ఫోలేటు ఎండకు నశించునని, నల్లని చర్మము దానిని కాపాడుటకే ఏర్పడియుండునని వారి ఊహ. ఆ ఫోలిక్ ఆమ్లమును లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అయినను గొడుగు ఉన్నదని నిశ్చింతగా నుండరాదు. పుట్టుకతోనే ఆ నలుపు లేని బిడ్డలు మన పల్లెలలోను ఉన్నారు. వారికి మన ఎండ ఐరోపా యెండకంటె క్రూరమైనది, వారిని నీడపట్టున పెంచుట తలిదండ్రుల ధర్మము. మెలనోమా అను రాచపుండులో అరికాలున, గోటి క్రింద పుట్టి నల్లని మచ్చగా వ్యాపించు రకమునకు ఎండతో సంబంధము లేదు; అది మనవారికిని వచ్చును.

ఎండను గూర్చిన ఈ జ్ఞానము జాతి ఆచారముగా మారిన చోటు ఆస్ట్రేలియా. వేలాది సంవత్సరములుగా అచట నివసించిన ఆదివాసులు నల్లనివారు. 1788 నుండి వచ్చి చేరిన ఇంగ్లీషువారును, స్కాట్లండు ఐర్లండువారును మబ్బుపట్టిన ఆకాశము క్రింద తరతరములుగా తెల్లబడిన చర్మములతో భూమధ్యరేఖ చెంతకు వచ్చిరి. 1956లో సిడ్నీ గణాంకశాస్త్రవేత్త హెన్రీ ఆలివర్ లాంకాస్టర్ మరణపు లెక్కలు తిరుగవేసి, ఒకే జాతివారు భూమధ్యరేఖకు చేరువైన కొలది మెలనోమా మరణములు హెచ్చుచున్నవని, దక్షిణ రాష్ట్రములకంటె ఉత్తరముననున్న క్వీన్స్‌లండున అవి అధికమని చూపెను. చిత్రమేమనగా మెలనోమా పొలము పనివారి నొక్కరినే వెదకి పట్టుకొనునది కాదు. ఏడాది పొడవున కచేరీలో కూర్చుండి సెలవులలో సముద్రపు ఒడ్డున ఒక్కసారిగా కమలిన వారిని, చిన్ననాట బొబ్బలెక్కిన వారిని హెచ్చుగా పట్టుకొనును. నావికుని పుండు దినదినము కూడిన కూలి లెక్క. ఇది సెలవుదినముల లెక్క. నేడు ఆస్ట్రేలియాలో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి డెబ్బదియేండ్లు వచ్చులోపల ఏదో యొక చర్మపు క్యాన్సరు బయటపడునని అచటి క్యాన్సర్ సంస్థలు చెప్పుచున్నవి.

1981లో విక్టోరియా రాష్ట్రపు క్యాన్సర్ నివారణ సంస్థ సిడ్ అను సముద్రపు కొంగను టెలివిజనులో ఆడించి పాడించెను: చొక్కా తొడుగు, లేపనము పూయు, టోపీ పెట్టు. ఆ మూడు పనులు ఆ దేశపు బిడ్డలకు ఓనమాలవలె వచ్చినవి. అచటి క్రికెట్ ఆటగాండ్రు ముక్కునకు పెదవులకు తెల్లగా పూసుకొను జింకు లేపనము మనకును టెలివిజనులో పరిచితమే. మెల్‌బోర్న్, సిడ్నీ నగరములలో కాపురముండు మన తెలుగువారి బిడ్డలును మెడకు నీడనిచ్చు టోపీ లేనిదే బడి మైదానమున ఆడరాదు. టోపీ మరచిన బిడ్డ నీడన కూర్చుండవలయును.

లేపనము నిజముగా కాపాడునా యను శంకను తీర్చినది బ్రిస్బేన్‌కు ఉత్తరముననున్న నాంబూర్ అను చిన్న పట్టణము. చుట్టును చెరకుతోటలు, ఊరి నడుమ పంచదార మిల్లు, చెరకు బండ్లను లాగు చిన్న రైలు బజారువీధి గుండనే పోవుచుండెడిది. 1992లో అడెల్ గ్రీన్ బృందము ఆ ఊరి పెద్దలలో 1,621 మందిని చీట్లు తీసినట్లు విభజించి, సగము మందికి ప్రతి ఉదయమును తలకు, మెడకు, చేతులకు పూసుకొనుమని లేపనము ఉచితముగా నిచ్చి, తక్కినవారిని వారి యలవాటునకు వదలెను. 1996 వఱకు అట్లు సాగెను. పొలుసుకణముల రాచపుండు రోజూ పూసుకొన్నవారిలో దాదాపు నూటికి నలువదివంతులు తగ్గినట్లు 1999లో ప్రకటించిరి. పుట్టి పెరుగుటకు దీర్ఘకాలము పట్టు మెలనోమాను గూర్చి మాత్రము వేచియుండవలసి వచ్చెను. 2003లో మిల్లు మూతపడెను. చెరకు రైలు నిలిచిపోయెను. లేపనపు సీసాలు ఇచ్చుటయు ఎప్పుడో ముగిసెను. అయినను ఆ మనుష్యుల చిరునామాలు వదలక వెంబడించి, 2011లో మెలనోమా లెక్క తేల్చిరి: యలవాటునకు వదలినవారిలో 22 మందికి, ప్రతి ఉదయమును అద్దము ముందు నిలిచి మెడ వెనుకకు చెయ్యి చాచి పూసుకొన్నవారిలో 11 మందికి.